మూడుసార్లు అడగవలసిన ప్రశ్న

1993 జూన్ 6, ఆదివారం. ఇల్లందు.

ఇంతవరకు ఇతరుల కోసం నేను పరీక్షించిన జీపుల గురించి, లారీల గురించి, మోటారు సైకిళ్ళ గురించి ఈ డైరీలో ఒక్క వాక్యం కూడా వ్రాయలేదు. అవి ఇతరులవి. ఈసారి పరీక్షించబోయే వాహనం నాది కాబోతున్నది గనుక వ్రాసుకుంటున్నాను.

ఏన్కూరు వెంకటప్పయ్య గారు తమ కాంటెస్సా కారును అమ్ముతున్నారట. ఈ ప్రాంతంలో ఆ కారును ఎరుగని వారు అరుదు. తెల్లది. అయిదు గేర్లు. అది ప్రక్క నుంచి వెళితే ఆర్టీసీ బస్సు నిలబడి ఉన్నదనుకొని జనం ఎక్కబోయేవారని మా వర్క్‌షాపులో హాస్యమాడుతారు. నేను దానిని ఒకసారి తల్లాడ దగ్గర చూశాను. చూశాను అనడం కూడా అతిశయోక్తి. వచ్చింది, లేదు.

నా భార్య హేమ్లికి విషయం తెలిపాను.

"కారెందుకయ్యా మనకు? గనికి నడిసి పోతవు. అంగడికి నడిసి పోతం."

అత్యవసర సమయాల్లో తండా వారిని దవాఖానాకు చేర్చవచ్చునన్నాను.

"దానికి జీపు చాలదా? గంత ఉరికేది ఎందుకు?"

ఇందుకు సమాధానం చెప్పడం అనవసరమనిపించింది. బొగ్గు నింపిన చేతులతోనే రాత్రిబడిలో పలక పట్టినవాణ్ణి. నలభై దాటాక బి.ఏ. పూర్తిచేసినవాణ్ణి. నేడు గని వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌ను. 'రూప్లా సార్ చూసిన బండికి తిరుగులేదు' అని ఇల్లందులో ఒక మాట ఉన్నది. ఆ మాటను నేను పుట్టించలేదు. కాని దానికి నేనే బాధ్యుణ్ణి. అటువంటి వాడు ఎంపిక చేసుకునే వాహనం ఏదో ఒకటి కాకూడదు.

జూన్ 9

తండాలో ఉన్న అన్న గోప్యాకు కబురు చేశాను, తోడు రమ్మని. అక్కడ నోరు విప్పవద్దని కూడా చెప్పించాను.

జూన్ 13, ఆదివారం

ఏన్కూరు వెళ్ళి వచ్చాము.

నా తండ్రి పూల్‌సింగ్ ఎడ్ల వ్యాపారి. వెంకటప్పయ్య గారి ఇంటి పెరట్లో, పశువుల గాటికి ఈవల నిలబడి, వారి తండ్రితో ఎడ్ల బేరం చేసేవాడు. వారిది కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. ఆ పెద్దాయన నా తండ్రిని 'ఒరేయ్' అని పిలిచేవారు. నేడు వారి కుమారుడు నాకు కుర్చీ వేయించారు.

"రండి రూప్లా గారూ. కాఫీ తాగాక చూద్దురుగాని."

గారు అన్నారు. రెండుసార్లు అన్నారు.

పరీక్ష క్రమపద్ధతిలో చేశాను. ఇంజను చల్లగా ఉండగానే మొదలుపెట్టాను. వేడెక్కించి ఉంచిన ఇంజను అబద్ధమాడుతుంది. ప్లగ్గులు విప్పాను, మొనలు లేత ఇటుక రంగులో ఉన్నాయి. స్టార్ట్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద, పిడి చెవికి ఆనించి, ప్రతి సిలిండరునూ విడివిడిగా విన్నాను. నాలుగూ ఒకే మాట మాట్లాడుతున్నాయి. పొగలో నీలం లేదు. క్రింద పరిచిన తెల్ల కాగితం మీద చమురు చుక్క పడలేదు.

గోప్యా నా ఆదేశాన్ని కాసేపు పాటించాడు. బానెట్ ఎత్తగానే ఇక ఆగలేకపోయాడు.

"మూతి తెరిచినవు గదా తమ్మీ, పండ్లు గూడ చూడు. ఎన్నేండ్లదో తెలుస్తది."

వెంకటప్పయ్య గారు నవ్వారు. నేను నవ్వలేదు.

గమనించిన చిన్న విషయాలు కొన్ని: సీటు క్రింది బోల్టులకు త్రుప్పు. క్రింద పరిచిన జంపఖానా కొత్తది. స్పేర్ చక్రం క్రింద సన్నని బూడిదరంగు మట్టి. కారు లోపల సాంబ్రాణి వాసన.

సంశయించవలసినది ఏదీ లేదు.

జూన్ 15

ఏన్కూరు వైపు రోడ్లు మట్టిరోడ్లు. దుమ్ము చేరడం సహజం. వెంకటప్పయ్య గారు దైవభక్తులు. సాంబ్రాణి అందుకే. జంపఖానా మార్చడం గృహస్థు శుభ్రతకు నిదర్శనం.

జూన్ 16

త్రుప్పు కూడా సహజమే.

జూన్ 20, ఆదివారం

ఈ దినం నా జీవితంలో గుర్తుండిపోవలసినది గనుక వివరంగా వ్రాస్తున్నాను.

కారును నేనే నడిపాను. గోప్యా వెనుక, వెంకటప్పయ్య గారు నా ప్రక్కన. ఊరు దాటి టేకు అడవిలోకి రోడ్డు తిన్నగా సాగేచోట మూడవ గేరు, నాలుగవ గేరు. తరువాత నా చేయి ఆగింది. జీవితమంతా నాలుగు గేర్ల దగ్గర ఆగిన చేయి అది. ఆ పైన మరొకటి ఉన్నదని తెలిసి కూడా ఒక క్షణం నమ్మలేదు. వేశాను. ఇంజను గొంతు తగ్గింది, వేగం పెరిగింది. అరవడం మాని పరుగెత్తింది అనాలి. టేకు చెట్లు విడివిడిగా కనబడడం మానేశాయి.

"తమ్మీ, చెట్లన్ని ఒక్కటే గోడైనయి రా!" అని గోప్యా అరిచాడు. తలపాగా ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. "మన నాయన ఉంటే దీనికి కొమ్ములకు రంగేస్తుండె."

బ్రేకు తొక్కినప్పుడు ప్రక్కలకు లాగలేదు. స్టీరింగు వదిలితే తిన్నగానే పోయింది. ఇటువంటి వాహనాన్ని నేను ఇంతకు మునుపు పరీక్షించలేదు. ముందు ఎడమ దీపం అద్దం లోపల అడ్డంగా ఒక పలుచని గీత ఉన్నది. పొద్దుటి మంచు లోపల పేరుకున్నప్పుడు అలా గీత పడుతుంది.

పెరట్లోకి తిరిగి వచ్చాక వెంకటప్పయ్య గారు అన్నారు: "మీరు చూశాక నేను చెప్పేదేముంటుందండీ. మీ చూపుకి మించిన చూపు ఉందా ఈ చుట్టుపక్కల?"

ఇక్కడ ఒక సంగతి వ్రాయాలి. మా తండాలో ఎద్దును కొనేటప్పుడు ఒక ఆచారం ఉన్నది. అమ్మేవాడు ఎద్దు మీద చేయి వేయాలి. కొనేవాడు మూడుసార్లు అడగాలి, 'దీనికి దాచిన దోషమున్నదా?' అని. మూడుసార్లు జవాబు విన్నాకనే ఇరువురూ ఒకే గడ్డ నుంచి విరిచిన బెల్లం తినాలి. అమ్మేవాడు అబద్ధమాడితే ఆ బెల్లం చెల్లదు. అడగనే అడగకపోతే మాత్రం ఎద్దుతోపాటు దాని దోషమూ కొన్నవాడిదే. బెల్లం తిన్నాక మాట తిరగదు. మాట తిప్పినవాడికి తండాలో ఎవరూ చుట్టకు నిప్పు కూడా ఇవ్వరు.

గోప్యా తువ్వాలు కొంగున బెల్లం కట్టుకొని వచ్చాడు. దానిని విప్పుతూ నా వైపు చూశాడు.

"అడుగు తమ్మీ."

"ఇది ఎద్దు కాదు అన్నా."

"గదే గదా. ఎద్దయితే నేనే అడుగుదు. అడుగు."

వెంకటప్పయ్య గారు కారు ప్రక్కనే, అప్పటికే బానెట్ మీద చేయి వేసి నిలబడి ఉన్నారు. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి నాలుగు సిలిండర్లనూ విడివిడిగా విన్న మనిషిని నేను. అటువంటివాడు ఒక పెద్దమనిషిని పట్టుకొని, అంగట్లో ఎద్దు బేరం చేసినట్టు, దోషమున్నదా, దోషమున్నదా అని అడగడం సభ్యత కాదు. అది అక్షరం రానివారి పరీక్ష. నా పరీక్ష ముగిసింది.

బెల్లం విరిచాను. వారికి సగం ఇచ్చాను. వారు ఒక క్షణం నా వైపు చూసి తిన్నారు. నేనూ తిన్నాను.

జూన్ 22

వర్క్‌షాపులో అందరికీ తెలిసింది. నేను ఎవరికీ చెప్పలేదు, గోప్యా చెప్పి ఉంటాడు.

జూన్ 27, ఆదివారం

కారు ఇంటికి వచ్చింది. క్వార్టర్ల ముందు నిలిపాను. హేమ్లి పసుపు, కుంకుమ పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి, "అందంగనే ఉన్నది గని, దేవుని అర్రల కూసున్నట్టున్నది, గీ సాంబ్రాణి ఏంది?" అన్నది.

సాయంత్రం తండాకు వెళ్ళి నాయక్‌కు, పెద్దలకు తెలియజేశాను. ఆషాఢంలో సీత్లా పండుగనాడు మా పశువులన్నీ ఏడుగురు భవానీల రాళ్ళ ముందు నుంచి దాటుతాయి. ఈ ఏడు వాటితోపాటు రూప్లా కారు కూడా దాటుతుందని చెప్పాను. అందరూ సంతోషించారు. మాట ఇచ్చాను.

జూన్ 29

అద్దం బిగువుగా దిగుతోంది. వెనుక తలుపు లోపలి అట్ట విప్పాను.

జూన్ 30

వ్రాయడానికి ఏమీ లేదు.

జూలై 1

వ్రాయడానికి ఉన్నది.

తలుపు అట్ట వెనుక, అడుగున, ఒక చెరువు ఉన్నది. ఎండిన చెరువు. మెత్తని బూడిదరంగు ఒండ్రు పేరుకొని, గట్టిపడి, పగుళ్ళు విచ్చి ఉన్నది. ఆ పగుళ్ళ మధ్య ఒక నత్తగుల్ల. మట్టిరోడ్డు దుమ్ములో నత్తలు ఉండవు. ఇది గోదావరి ఒండ్రు.

మిగిలిన మూడు తలుపులూ విప్పాను. అంతటా అదే. దీపం లోపలి గీత మంచు గీత కాదు, నీరు నిలిచిన గీత. సీటు బోల్టుల త్రుప్పు, కొత్త జంపఖానా, సాంబ్రాణి, ఇవన్నీ నేను చూశాను. చూసి వ్రాసుకున్నాను కూడా. గనిలో నీట మునిగిన మోటార్లను పైకి తీసి, విప్పి, ఆరబెట్టి మళ్ళీ నడిపించడమే నా ఉద్యోగం. మునిగిన ఇనుము వాసన నాకు హేమ్లి వంట వాసనకన్నా బాగా తెలుసు.

హేమ్లి అట్టలన్నీ బయట ఉండడం చూసింది.

"నీళ్ళల్ల మునిగిందా?"

"మునిగింది."

"అయితే తిరిగి ఇచ్చెయ్యి."

"బెల్లం తిన్నాము."

"అడిగినంకనే తిన్నవు గదా. ఆయన అబద్ధం చెప్పిండన్నట్టు. బెల్లం చెల్లదు."

నేను క్రింద పడిన మరలు ఏరసాగాను. ఆమె నా వైపు తిరిగింది.

"అడగలేదా?"

నత్తగుల్లను కడిగి కిటికీలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూలై 2

కారు చెడ్డదని అంటే నా చూపు పోతుంది. కారును వాపసు చేస్తే నా మాట పోతుంది. ఏమీ అనక నడుపుకుంటే ఎవరికీ తెలియదు. తలుపుల అట్టలు తిరిగి బిగించాను.

జూలై 3

అట్టలు తిరిగి విప్పాను.

జూలై 4, ఆదివారం

గోప్యాను వెంటబెట్టుకొని, కారులోనే ఏన్కూరు వెళ్ళాను. అయిదవ గేరు వేయలేదు.

దారిలో అన్నకు అంతా చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. "నాయనకు గూడ ఒకసారి గుడ్డెద్దు వచ్చింది తమ్మీ. కండ్లు మస్తు అందంగుండె," అన్నాడు.

వెంకటప్పయ్య గారు కారును, అందులో అట్టలు లేని తలుపులను చూశారు. కుర్చీలు వేయించబోయారు.

"కూర్చోవడానికి రాలేదండీ. ఆ రోజు అడగవలసినది ఒకటి అడగలేదు. ఈ రోజు అడుగుతాను. దయచేసి బండి మీద చేయి వేయండి."

వారు ఆశ్చర్యపోలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకొని, వచ్చి, బానెట్ మీద చేయి పెట్టారు.

"దీనికి దాచిన దోషమున్నదా?"

"ఉంది. మునిగిందండి. తొంభైలో, భద్రాచలంలో, గోదారి వచ్చినప్పుడు."

"దీనికి దాచిన దోషమున్నదా?"

"ఉంది. మా చెల్లెలు వాళ్ళని తీసుకురావడానికి వెళ్ళానండి. వెనక్కొచ్చే దారిలో నీళ్ళు తొక్కుకొచ్చాయి. వాళ్ళని పడవెక్కించి, కారు కొట్టుకుపోకుండా ఎద్దు పలుపుతో కరెంటు స్తంభానికి కట్టేసి వచ్చా. నీళ్ళు తీశాక వెళితే అక్కడే ఉంది, కట్టేసినచోటే. పై కప్పు మీద గడ్డి. దాని తర్వాత ఇంజను విప్పించి బాగు చేయించా గాని, లోపల లోపల ఏం మిగిలిపోయిందో నాకూ తెలీదు."

"దీనికి దాచిన దోషమున్నదా?"

వారు మబ్బు వైపు చూశారు.

"ఉందండి. తడి తగిలితే నిలబడిపోతుంది. వానాకాలం నేను బయటికే తియ్యను."

నేను అడిగాను: "ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలేదుగా." ఆ మాటలో వెటకారం లేదు. "మీ నాన్న మా నాన్నని ఇక్కడే నిలబెట్టి అడిగేవాడండి. మా నాన్న తిట్టుకుంటూనే ఎద్దు మీద చెయ్యేసి ఉన్నదంతా కక్కేవాడు. మీ వాళ్ళ దగ్గర ఆ మూడు ప్రశ్నలకి అబద్ధం చెప్పొద్దని మాకూ నేర్పాడు. ఆ రోజు చెయ్యేసుకుని నిలబడ్డా, మీరడుగుతారని. మీరు బెల్లం విరిచేశారు. ఇంత చదువుకున్నాయన, చెవి పెట్టి ఇంజను విన్నాయన, అన్నీ కనిపెట్టే ఉంటాడు, తెలిసే తీసుకుంటున్నాడనుకున్నా. తర్వాత నాకూ మనసొప్పలేదు. బండి వదిలెయ్యండి. మీ డబ్బు మీకిచ్చేస్తా."

ఇది వారు మనస్ఫూర్తిగా అన్న మాట. వదిలివేయవచ్చును. గోప్యా కూడా నా మోచేతిని మెల్లగా తాకాడు.

నేను చెప్పిన మాటలను యథాతథంగా వ్రాసుకుంటున్నాను: "ప్రశ్న అడగనిది నేను. బెల్లం తిన్నది నేను. దోషం నాది. బండి కూడా నాదే. మునిగిన యంత్రాలను బాగుచేసేవాణ్ణి, ఒకటి మునిగిందని తెలిసి పారిపోలేను."

వారు చేయి చాచారు. ఆ ఇంట్లో నా కుటుంబపు చేతిని పట్టుకున్న మొదటి చేయి అది. గోప్యా కూడా చేయి చాచాడు, అతనిదీ పట్టుకున్నారు.

తిరుగుదారిలో గోప్యా అన్నాడు: "ఒకటి చెప్పాలె తమ్మీ. మన నాయన ఇంత మొండోడు కాదు."

జూలై 8

ఇంజను, గేరుబాక్సు, వైర్లు అన్నీ విప్పి, కడిగి, ఎండబెట్టి, బిగించాను. గని మోటార్లకు చేసేదే, కాకపోతే మరింత శ్రద్ధతో. తలుపుల నుంచి తీసిన ఒండ్రును హేమ్లి గుమ్మడి పాదులో వేసింది. సాంబ్రాణి వాసన పోయింది. ఇప్పుడు కారు వాసన కారుదే.

వాన ఆగడం లేదు.

జూలై 11

మంగళవారం సీత్లా పండుగకు వెళ్ళవలసి ఉన్నది. తండాకు ముందు వాగు ఉన్నది.

జూలై 13, మంగళవారం. తండా.

సీత్లా పండుగ.

వాగులో నీరు మోకాలి లోతు. దానికే రెండు నిమిషాలు ఆలోచించాను. దాటాను. ఆవలి గట్టు ఎక్కి, ఏడు రాళ్ళు కనబడేంత దూరం వచ్చి, జనమంతా లేచి నిలబడి చూస్తుండగా, కాంటెస్సా ఒకసారి దగ్గి ఆగిపోయింది.

దిగాను. చొక్కా సరిచేసుకున్నాను. బానెట్ మీద చేయి వేసి, నాయక్, పెద్దలు, ఆడవారు, పిల్లలు అందరికీ వినబడేట్టు చెప్పాను: "దీనికి దోషమున్నది. ఇది గోదావరిలో మునిగిన బండి. తడి తగిలితే నిలబడుతుంది. కొనేటప్పుడు నేను మూడుసార్లు అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారు. బెల్లం తిన్నాను గనుక తెచ్చుకున్నాను."

ఆపైన గోప్యా అన్నాడు:

"మా తమ్ముడు కారు కొనలే. గోదారి చేపను కొన్నడు."

తండా అంతా నవ్వింది. ఆ నవ్వులో నా పేరు పోవాలి. పోలేదు. చెప్పిన దోషాన్నే బండి చూపింది. దాచినది ఏదీ బయటపడలేదు. దాచినది లేదు గనుక. ముసలి నాయక్ దగ్గరకు వచ్చి, బానెట్ మీద నా చేతి ప్రక్కన తన చేయి పెట్టి, "పూల్‌సింగ్ కొడుకువే," అన్నాడు. బి.ఏ. పట్టా చేతికందిన రోజు కూడా ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

సాయంత్రం దాకా ఆరబెట్టవచ్చును. కాని పశువులు అప్పటికే కదిలాయి. దాటించి తీరుతానని మాట ఇచ్చాను.

గోప్యా తన ఎడ్ల జతను తోలుకొచ్చి, పలుపును ముందు బంపరుకు కట్టబోయాడు. నేను ఆపాను.

"ఆగు అన్నా. ఎడ్ల మీద చేయి వెయ్యి."

"ఏందిరా?"

"చేయి వెయ్యి. వీటికి దాచిన దోషమున్నదా?"

గోప్యా నన్ను చూశాడు. నవ్వు ఆపుకొని, కుడి ఎద్దు మూపురం మీద చేయి వేశాడు.

"ఉన్నది. గీనికి తిండెక్కువ."

"వీటికి దాచిన దోషమున్నదా?"

"ఉన్నది. ఎడమదానికి కోపమెక్కువ. మన ఇంటిది గదా."

"వీటికి దాచిన దోషమున్నదా?"

"ఇగ లేదు తమ్మీ. ఎక్కు, జల్దీ."

అతని తువ్వాలు కొంగున ఉన్న బెల్లం ఇద్దరం తిన్నాము.

స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్నాను. గేరు న్యూట్రల్‌లో ఉన్నది. ఎడ్లు లాగాయి. చుట్టుప్రక్కల ఊళ్ళలోకెల్లా వేగవంతమైన కారు ఎడ్ల నడకతో కదిలింది. ముందు ఆవులు, వెనుక మేకలు, మధ్యన మేము. రాళ్ళ దగ్గర హేమ్లి గుగ్గిళ్ళ గంప పట్టుకొని నిలబడి ఉన్నది. పశువుల మీద చల్లినట్టే బానెట్ మీద గుప్పెడు చల్లింది. వంగి, కిటికీలోంచి నా మీద కూడా ఒక గుప్పెడు చల్లింది.

"దాటినవు," అన్నది.

హారన్ పనిచేసింది. మోగించాను.

జూలై 14

టేకులపల్లి నుంచి ఒకాయన జీపు చూసిపెట్టమని వచ్చాడు. అమ్మే ఆసామిని కూడా వెంట తెచ్చాడు. బానెట్ ఎత్తబోతుంటే వద్దన్నాను. ముందు ఆ ఆసామిని దాని మీద చేయి వేయమన్నాను.